గంజి పెట్టిన సురమండలం

మనవరాలు గిటారు క్లాసు నుంచి వచ్చి నా ముందు చెయ్యి చాపి నిలబడింది. "చూడు పాటీ, బొబ్బలు. ఇంక నేను పోను" అంది. అవ్వను పాటీ అనడంతో సహా అంతా తమిళంలోనే. మా ఇంట్లో ఇప్పుడు నేను తెలుగులో అడుగుతాను, వాళ్ళు తమిళంలో జవాబిస్తారు. నాకూ అలవాటైపోయింది.

ఆ చెయ్యి పట్టుకుని చూశాను. వేళ్ళ కొసలు ఎర్రగా పొంగి ఉన్నాయి. ఒకదాంట్లో నీరు కూడా చేరింది. "ఓస్, ఇదేనా" అన్నాను. అంతే, పిల్ల విసురుగా లోపలికి పోయి తలుపు ధడాలున వేసుకుంది. దాని కోపం నాకు తెలుసు. నా చిన్నప్పుడు నా బొబ్బలు చూసి ఒకామె సరిగ్గా ఇదే మాట అంది. నేనూ ఇలాగే మండిపడ్డాను. కాకపోతే ధడాలున వేసుకోవడానికి మా ఇంటికి లోపలి తలుపే లేదు.

ఇది తెలుగులో రాస్తున్నానంటే మా మిల్లు లైన్లవాళ్ళు ఎవరైనా ఉంటే నవ్వుతారు. బడి చదువంతా మాకు తమిళమే. పెళ్ళయ్యాక మా ఆయన రైల్వే ఉద్యోగం మీద ఆంధ్ర వైపు కొన్నేళ్ళు ఉన్నాం. ఈ రాత అక్కడ నేర్చుకున్నదే. అందుకే నా చేతిలో ఒక తెలుగు, నోట్లో ఒక తెలుగు. నోట్లోదే నా సొంతం.

మా లైన్లు మదురైలో మిల్లు గోడ వెనకాల ఉండేవి. ఒకే కప్పు కింద వరసగా గదులు, గదికొక కుటుంబం, వరస చివర కొళాయి. మా వరసంతా తెలుగువాళ్ళే. ఎప్పుడో ఎవరి తాతల తాతలో ఉత్తరాన్నుంచి నడిచి వచ్చారట. ఎందుకు వచ్చారే అని అడిగితే మా అవ్వ, "ఆడ కూడు లేక. ఈడ మాత్రం ఏముండాదని?" అనేది. మా చరిత్ర అంతా ఆ మాటతో సరి.

తెల్లవారుతూనే పరుత్తిపాలు వాసన. పత్తి గింజలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, బెల్లమూ శొంఠీ వేసి కాచేవాళ్ళు. ఆ బండి మా వరస మొదట్లో ఆగేది. షిఫ్టు దిగి వచ్చే మగవాళ్ళు తలనిండా దూది నూగుతో, గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని ఊదుకుంటూ తాగేవాళ్ళు. పగలంతా గంజి వాసన. పడుగు దారం మగ్గం మీద తెగకుండా దానికి గంజి పట్టించే శాఖ సరిగ్గా మా గోడ అవతలే. పుల్లగా, వెచ్చగా ఉండేదా వాసన. చుట్టాలొస్తే ముక్కు మూసుకునేవాళ్ళు. మాకు మాత్రం అది లేకపోతే ఆదివారమని గుర్తు.

మా నైనా మగ్గాల షెడ్డులో నేసేవాడు. నైనా అంటే నాన్న, మేము అలాగే పిలుస్తాం. ఆ షెడ్డులో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆడుతుంటే పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకని అక్కడ ఎవరూ అరవరు. గొంతు లేకుండా పెదాలు పెద్దగా కదిపి మాట్లాడుకుంటారు. అవతలివాడు పెదాలు చూసి జవాబిస్తాడు. ఆ అలవాటు ఇంటికీ వచ్చేది. మేము దాన్ని మూగమాట అనేవాళ్ళం. మా వరసలో చంటిపిల్లలకు కూడా అది వచ్చు.

పిల్లలకు అది ఎంత పనికొచ్చేదో చెప్పలేను. ఆదివారం గుళ్ళో ఆడపిల్లలం ఇటు చాప మీద, మగపిల్లలు అటు చాప మీద. పాస్టరయ్య ప్రసంగం సాగుతూనే ఉండేది. మేము అటూ ఇటూ మూగమాటలో, "మీ ఇంట్లో ఏమి కూర?", "కరువాడు కుళంబు", "ఛీ, మళ్ళానా" అని ఎండుచేపల సంగతులు తెగ చెప్పుకునేవాళ్ళం. మా పెదాలు ఆగకుండా కదలడం చూసి గుడి పెద్ద ఒకాయన, మిల్లు పిల్లలు ప్రసంగం మధ్యలో కూడా ప్రార్థన చేసుకుంటారు, మీరూ ఉన్నారు ఎందుకు, అని తన పిల్లల్ని తిట్టాడు. మాకు నవ్వు ఆపుకోలేక కడుపు నొప్పి పుట్టింది.

అయితే ఆ షెడ్డు మూగమాట ఇస్తుంది, చెవులు తీసుకుంటుంది. నైనాకు మొదట వాన వినపడటం మానేసింది. తర్వాత కోడి. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట్లాడేవాడు కనుక చాలాకాలం మాకే తెలియలేదు. తెలిసింది పాట వల్ల.

గొంతంటే నైనాదే. మా గుళ్ళో పాటలన్నీ తమిళమే. ఏడాదికి ఒక్క రోజు, కోతల పండుగనాడు మాత్రం, మా వరసవాళ్ళు ఒక తెలుగు పాట పాడేవాళ్ళు. "విత్తిన చేతికి దీవెన, కోసిన చేతికి దీవెన" అని మొదలయ్యేది. మాకు విత్తడానికీ లేదు, కొయ్యడానికీ లేదు. అయినా పాడేవాళ్ళం. ఆ రోజు వాడిపట్టి వైపు నుంచి బండ్లలో గుమ్మడికాయలొచ్చేవి, తేనిలో చుట్టాలున్నవాళ్ళు ఏలకులు మూటకట్టి తెచ్చేవాళ్ళు. అన్నీ పీఠం ముందు పేర్చి, ఆరాధన అయ్యాక వేలం వేసేవాళ్ళు. మా అవ్వ ఏటా ఒక కోడిని ఇచ్చేది. దాన్ని ఏటా పాస్టరమ్మే పాడుకునేది. "నా కోళ్ళు తినే ఆ తల్లి అంత లావైంది" అని మా అవ్వ గర్వం.

ఆ పాటను ఎప్పుడూ నైనాయే ఎత్తుకునేవాడు. ఒక పండుగనాడు ఎత్తుకున్నాడు, హార్మోనియం ఒక దారి, నైనా ఒక దారి. ఎంతకీ కలవలేదు. ముందు బెంచీల్లో భుజాలు కదలడం మొదలైంది. నోళ్ళు మూసుకుని నవ్వుతున్నారు. నైనాకు నవ్వు వినపడదు, కాని భుజాలు కనపడతాయి కదా. మధ్యలో ఆపలేదు, చివరిదాకా పాడాడు. ఆ తర్వాత ఆదివారం నుంచి గుళ్ళో ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. ఏ పాటకూ నోరు తెరవలేదు. ఇంట్లో కూడా పాడలేదు.

మరుసటి ఏడు పండుగకు ఇంకా కొన్ని నెలలుండగానే పాస్టరయ్య ఇంటికొచ్చాడు. మంచివాడే. అవ్వ ఇచ్చిన కాఫీ తాగి, "ఈసారి తెలుగు పాట ఎవరు ఎత్తుకుంటారు? ఎవరూ లేకపోతే విడిచిపెడదామా?" అని తమిళంలో అడిగాడు. మా వరసలో ఆ పాట రానివాళ్ళు లేరు. కాని ఎవరిని అడిగినా ఒకే మాట. "అన్న ఉండగా నేనెట్ల ఎత్తుకొనేది? మర్యాదగా ఉంటుందా?" నైనా తల వంచుకుని చాప అంచు గిల్లుతూ కూర్చున్నాడు.

పాస్టరయ్య పోయాక అవ్వ గిన్నెలు ఎత్తేసింది. "వీడు నోరు మూసుకుంటే మన మాట ఆ గుళ్ళో మళ్ళా వినపడదు, సూస్తుండండి" అంది. అమ్మ పొయ్యి దగ్గర కళ్ళు తుడుచుకుంది. పొగ అని చెప్పింది.

నాకు అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. గుడి వెనక చిన్న ఇంట్లో పెద్ద టీచరమ్మ ఉండేది. మిషన్ బళ్ళో పాటలు నేర్పి రిటైరైన తమిళామె. పెళ్ళి లేదు, కోపం జాస్తి. ఆమె ముందుగదిలో దుప్పటి కప్పిన వస్తువు ఒకటి ఉండేది. సీమకు తిరిగి వెళ్ళిపోతూ ఒక దొరసాని ఇచ్చి పోయిందట. దుప్పటి తీస్తే నాకంటే పొడుగు. ముందు ఒక స్తంభం, పైన వంపు తిరిగిన మెడ, మెడ నుంచి కింద చెక్క పెట్టెలోకి దిగిన తీగలు. ఇంగ్లీషులో హార్ప్ అంటారు. గుళ్ళో చదివే తమిళ బైబిలు వాక్యంలో సురమండలం అనే మాట వచ్చేది కనుక మా అందరికీ అది సురమండలమే.

నైనాకు హార్మోనియం వినపడట్లేదు. సురమండలం దానికంటే ఎంతో పెద్దది. పెద్దది గట్టిగా మోగుతుంది. నైనా పక్కన పెట్టి వాయిస్తే శ్రుతి అందుతుంది, పాట నిలుస్తుంది. ఇంత సుళువైన సంగతి పెద్దవాళ్ళకు తోచలేదే అని వాళ్ళ మీద జాలి కూడా పడ్డాను.

పోయి అడిగాను. టీచరమ్మ కళ్ళద్దాల మీంచి చూసి, "నగం?" అంది. గోళ్ళు చూపించమని. చూపించాను. "కత్తిరించుకుని రా. తలకు నూనె రాసిన చేత్తో దాన్ని ముట్టుకోకూడదు. ఎందుకు నేర్చుకోవాలని?" అంది.

"మా నైనాకు శ్రుతి అందించేదానికి."

ఆమె కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. "పోయిన పండుగకు నేను ముందు బెంచీలోనే ఉన్నాను" అంది. అప్పుడు నవ్విందో లేదో చెప్పలేదు, నేనూ అడగలేదు. "రేపు బడి వదలగానే రా" అంది.

మొదటిసారి తీగ లాగాను. అంత పెద్ద వస్తువు, ఇంత చిన్న చప్పుడు! కొళాయి నీటి బొట్టు తొట్లో పడ్డట్టు ఉంది, అంతే. హార్మోనియమే దీనికంటే నయం. ఏడుపొచ్చింది. కాని ఆ బొట్టు చప్పుడు గదిలో కొంతసేపు నిలబడింది. ఇంకోసారి లాగాలనిపించింది. లాగాను.

స్టూలు అంచున కూర్చోవాలి. సురమండలాన్ని వెనక్కి వాల్చి కుడి భుజం మీద ఆనించుకోవాలి. ఎర్ర తీగలన్నీ స, నల్ల తీగలన్నీ మ, మిగిలినవి వాటి మధ్య లెక్క చూసుకోవాలి. బొటనవేలు పైకి, మిగతా వేళ్ళు కిందికి. లాగిన వేలు వెంటనే అరచేతిలోకి మూసుకోవాలి. "పిడికిట్లో పిచ్చుకపిల్ల ఉన్నట్టు మూయి. చంపెయ్యకు" అనేది టీచరమ్మ. ఎన్నో రోజులు ఇదొక్కటే. పాట లేదు, ఏమీ లేదు. వేళ్ళు బొబ్బలెక్కాయి. చూపించి జాలి సంపాదిద్దామనుకున్నాను. "ఓస్, ఇదేనా" అంది ఆ మహాతల్లి.

ఇంట్లో అవ్వకు ఈ చదువంతా వింత. "అన్ని వేళ్ళకు పని ఉండాదా?" అని అడిగింది. చిటికెనవేలికి లేదు అవ్వా అన్నాను. "మీ చిన్నత్త మాదిరి. పక్కన నిలబడి సూసేదే పని" అంది. సన్న తీగలు గొర్రె పేగులతో చేస్తారని చెప్పాను. నోరు తెరుచుకుని కూర్చుంది.

"బోటి కూర వండుకొనేదాన్ని తీసుకపోయి చెక్కకు కట్టినారా? పావం, ఆ దొరసానికి వండేది తెలియలే."

నైనా మాత్రం నా వేళ్ళు చూశాడు. మరునాడు నులక మంచాన్ని గోడకు నిలబెట్టి, నులక తీసేసి, పై పట్టె నుంచి కింది పట్టెకు మిల్లు దారం కట్టాడు. నేను చెప్పిన వరసలోనే ఎర్ర నూలు, నల్ల నూలు వేశాడు. ఇంట్లో సాధకానికి నాకొక సురమండలం! లాగితే చప్పుడు రాదు. నేను దాని ముందు కూర్చుని వేళ్ళు మూసి తెరుస్తుంటే నైనా పక్కన కూర్చుని చూసేవాడు.

"నాకీ వినపడదు, నీకీ వినపడదు. సరిపోయింది" అని నవ్వాడు. ఎన్నాళ్ళకో నవ్వాడు.

ఆ దారం నా వేళ్ళకు రేగి తెగిపోతుంటే నైనా కాస్త గంజి కాచి పట్టించాడు. ఆరాక దారం ఎంత బిగువుగా, నున్నగా అయిందని! మళ్ళీ తెగలేదు. పడుగుకు గంజి ఎంతో తీగకు గంజి అంత అని మా ఇంట్లో అందరమూ ఒప్పేసుకున్నాం. అమ్మ మంచం లేక నేల మీద పడుకుంటూ కూడా మెచ్చుకుంది.

టీచరమ్మ ఆఖరికి తెలుగు పాట బాణీ నా వేళ్ళకు పట్టించింది. మొదటి చరణం తప్పుల్లేకుండా వచ్చిన రోజున ఒక మధ్య తీగ టప్పున తెగింది. ఆమె ముఖం చిన్నబోయింది. "ఈ పేగు తీగలు ఇక్కడ దొరకవు. ఉన్నవాటిని జాగ్రత్తగా చూసుకోవాలి" అంది. తర్వాత తిరుమంగళంలో చెల్లెలికి జబ్బు చేసిందని కబురొచ్చి వెళ్ళింది. సాధన ఆపవద్దని ఇంటి తాళంచెవి నాకే ఇచ్చి పోయింది. పండుగ ఇక దగ్గర్లోనే ఉంది.

తీగ తెగిందని ఇంట్లో చెప్పాను. నైనా నా పెదాలు శ్రద్ధగా చూశాడు. "తెగకుండా ఏమి? ఎండిపోయి ఉండాయి. ఎన్నేండ్లుగా వాటికి గంజి లేదో" అన్నాడు.

ఆదివారం ఆరాధన కాగానే నైనా గంజి కుండ పట్టుకుని బయలుదేరాడు. మరవల్లి, అంటే కర్రపెండలం పిండి గంజి, అందులో కొంజం కొవ్వు, మిల్లులో ఎలా కలుపుతారో అలాగే. నేను ముందు తాళంచెవి తిప్పుకుంటూ రాణిలా నడిచాను. వద్దనాలని నాకు తోచనే లేదు. మా వరసలో ఎవరికీ తోచేది కాదు. నైనా మెత్తని గుడ్డతో ఒక్కో పేగు తీగకు పైనుంచి కిందికి గంజి పట్టించాడు. పాపాయికి ఒళ్ళు రుద్దినంత ఓపిక. బారుగా ఉన్న లావు తీగలు ఇనుపవి, వాటికి అక్కరలేదని వదిలేశాడు. తడిసిన తీగలు కాసేపటికి వదులై వేలాడాయి.

"సూడు, పడుగు ఇట్లనే సాగుతాది. బిగించాల" అన్నాడు. తీగలు తిప్పే చెవి తీసుకుని అన్నీ మళ్ళీ బిగించాడు. నేను పక్కనుంచి దీపంలా వెలిగిపోతున్నాను.

మరునాడు మధ్యాహ్నం నేను బడి నుంచి పోయేసరికి టీచరమ్మ తిరిగొచ్చి ఉంది. గది మధ్యలో నిలబడి ఉంది. గదంతా మా గంజి వాసన. నేను గడప దాటుతుండగానే టప్పున ఒక తీగ తెగి చెక్కకు కొట్టుకుంది. ఎండకు ఆరిన పేగు ముడుచుకుంటోంది, బిగువు తట్టుకోలేక ఒకటొకటే తెగుతోంది. అప్పటికే సగానికి పైగా పోయాయి. మిగిలినవి మా కళ్ళ ముందు పోయాయి. మేమిద్దరం ఏమీ చెయ్యలేక చూస్తూ నిలబడ్డాం.

"ఎవరు చేసింది?" అంది టీచరమ్మ. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. అరిచి ఉంటే బాగుండేది.

"మా నైనా. తెగకుండా ఉండాలని."

"పిలుచుకుని రా."

నైనా షిఫ్టు దిగి, నూగు దులుపుకోకుండానే వచ్చాడు. వేలాడే తీగలు చూశాడు. ఆ ముఖం నేను మర్చిపోలేదు. నేతగాడి ముందు పడుగంతా తెగి పడి ఉంటే ఎలా ఉంటుందో అలా అయిపోయాడు. ముందు బెంచీల భుజాలు చూసినప్పుడు కూడా అంత కుంగిపోలేదు. "మన్నిచ్చుడుంగమ్మా" అని తమిళంలో అన్నాడు. టీచరమ్మ పెదాలు బిగించుకుని వంటగదిలోకి పోయి కూర్చుంది.

నైనా తడిగుడ్డ తెచ్చుకుని, చెక్క మీద ఎండి అట్టకట్టిన గంజి తుడవడం మొదలెట్టాడు. కింది అంచు తుడవడానికి స్టూలు మీద కూర్చుని, సురమండలాన్ని తన భుజం మీదికి వాల్చుకున్నాడు. దవడ చెక్కకు ఆనింది. నేను అవతల పక్క నిలబడి ఉన్నాను. నాకు చేతులు ఊరికే ఉండవు కదా. ఇనుప తీగలు మాత్రం చెక్కుచెదరలేదు. వాటిల్లో బారుదాన్ని, కింది స తీగను, లాగాను.

నైనా ఉలిక్కిపడి నా వైపు చూశాడు. గుడ్డ కింద పడింది.

"ఇంగొకసారి."

లాగాను.

"పాపా, ఇది నా పళ్ళల్లో మోగుతుండాది. ఎదురొమ్ములో మోగుతుండాది. ఇంగొకసారి లాగు."

లాగుతూనే ఉన్నాను. నైనా కళ్ళు మూసుకుని దవడను చెక్కకు ఇంకా గట్టిగా ఆనించాడు. గొంతులోంచి సన్నగా, భయంభయంగా ఒక కూనిరాగం వచ్చింది. అటూ ఇటూ తడుముకుంది. తర్వాత తీగ మీద వచ్చి కూర్చుంది. ఇనుప తీగ ఏదో, నైనా గొంతు ఏదో నాకు తెలియలేదు.

వెనక్కి తిరిగితే టీచరమ్మ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో కాఫీ లోటా అలాగే ఉంది. చాలాసేపు విన్నది. లోపలికొచ్చి లోటా కిటికీలో పెట్టి, ప తీగ చూపించింది. "స, ప, స. అంతే. ఇంకేమీ వద్దు. బాణీ ఆయన పాడతాడు" అంది నాతో. తర్వాత నైనాకు కనపడేలా ఎదురుగా వచ్చి, "గంజికి నేను నిన్ను క్షమించలేదు" అంది. నైనా ఆ పెదాలు చదివి తల ఊపాడు. "నాకే నన్ను క్షమించుకొనేదానికి కాలే" అన్నాడు.

నెలల తరబడి బొబ్బలెక్కించుకుని నేర్చుకున్న బాణీ మొత్తం పోయింది. మిగిలింది మూడు లాగుళ్ళు. ఉక్రోషం రాలేదంటే అబద్ధం. దారంతా పరుత్తిపాలు కొనిమ్మని సతాయించి కొనిపించుకున్నాను.

పండుగనాడు మా వరస మగవాళ్ళు సురమండలాన్ని జబ్బుమనిషిని మోసినట్టు మోసి గుళ్ళోకి తెచ్చారు. గుమ్మడికాయల వాసన, మల్లెల వాసన, కాళ్ళు కట్టిన కోళ్ళ గోల. తెగిన తీగలన్నీ టీచరమ్మ ముందే తీసేయించింది. పళ్ళూడిన దువ్వెనలా ఉంది. హార్మోనియం వాయించేవాడు మెడ చాచి చూసి, "ఇది మోగుతుందా?" అని పక్కవాడిని అడిగాడు. నాకు వినపడింది. నైనాకు వినపడలేదు. ఆ ఒక్క క్షణం చెవుడు కూడా మంచిదే అనుకున్నాను.

నైనా స్టూలు మీద కూర్చుని, భుజం మీదికి వాల్చుకుని, దవడ ఆనించాడు. కొత్త పావాడలో నేను అవతల నిలబడ్డాను. నైనా ముందు బెంచీల వైపు చూడటం లేదు, నా నోటినే చూస్తున్నాడు. నేను కింది స లాగి, పెదాలతో మాత్రం, "ఎత్తు నైనా" అన్నాను.

ఎత్తుకున్నాడు.

ఏడాది మూసిపెట్టిన గొంతు మొదట కాస్త బొంగురుపోయింది. కాని తీగను విడవలేదు. స, ప, స. నేను లాగుతూనే ఉన్నాను, నైనా దవడ చెక్కను అంటుకునే ఉంది. రెండో పాదానికి గొంతు తేరుకుంది. విత్తిన చేతికి దీవెన అన్నప్పుడు వెనకనుంచి అవ్వ గొంతు కలిసింది, తర్వాత అమ్మ, తర్వాత మా వరస మొత్తం. ఆ గోడల మధ్య అంత తెలుగు నేను మళ్ళీ వినలేదు.

పాట అయిపోయింది. మా గుళ్ళో చప్పట్లు కొట్టే ఆచారం లేదు. అంతా నిశ్శబ్దం. కాని నైనాకు ఎప్పుడూ నిశ్శబ్దమే కదా, బాగా పాడాడో లేదో ఆయనకెలా తెలుస్తుంది? తల ఎత్తి ముందు బెంచీల భుజాలు చూశాడు. ఒక్కొక్కళ్ళవీ చూశాడు. కదలడం లేదు. అయినా నమ్మకం కుదరలేదు.

అప్పుడు వెనక వరసల్లో మా వాళ్ళందరి నోళ్ళూ కదిలాయి. మగవాళ్ళు, ఆడవాళ్ళు, చాపల మీది పిల్లలు, అందరూ. చప్పుడు లేదు. షెడ్డులో మాట్లాడుకున్నట్టే, పెదాలు పెద్దగా తెరిచి, ఒకే మాట. "బాగుండాది." మళ్ళీ, "బాగుండాది." పాస్టరయ్యకు ఏమీ అర్థం కాక అటూ ఇటూ చూస్తున్నాడు. ముందు బెంచీలో టీచరమ్మ కూడా నోరు తెరిచింది. సాధనలో నైనాకు చెప్పే నా పెదాలు చూసి చూసి నేర్చుకున్న ఒకే ఒక్క తెలుగు మాట, వంకరటింకరగా. "బాగుండాది." నైనా సురమండలాన్ని పట్టుకుని, దాని వెనక ముఖం దాచుకుని ఏడ్చాడు.

ఆ తర్వాత నైనా ఉన్నన్నాళ్ళూ ఏ పండుగకూ ఆ పాట ఆగలేదు. నైనా పోయాక కొన్నాళ్ళు నేను ఎత్తుకున్నాను. టీచరమ్మ పోయినప్పుడు ఎవరో చుట్టాలు వచ్చి సురమండలాన్ని తీసుకుపోయారు. మిల్లు మూతపడింది, లైన్లు కూల్చేశారు, గంజి వాసన గాల్లో కలిసిపోయింది. ఇప్పుడా గుళ్ళో తెలుగు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

ఇదంతా తలచుకుంటూ కూర్చున్నానా, లోపల గిటారు మొదలైంది. తలుపు ఓరగా తెరిచి ఉంది. నా చెవులు కూడా ఇప్పుడు అంతంతమాత్రమే. అందుకని పోయి తలుపుకు చెంప ఆనించి నిలబడ్డాను. పిల్ల తలెత్తి చూసింది. నేను గొంతు కదపకుండా, పెదాలతో మాత్రం, "బాగుండాది" అన్నాను.

చిన్నప్పుడు దాని తల్లికి తెలియకుండా ఐస్‌క్రీమ్ సంగతులు మాట్లాడుకోవడానికి దానికి మూగమాట నేర్పింది నేనే. నేర్పింది తెలుగులో. తమిళంలో మూగమాట దానికి రాదు. అది తన వేళ్ళు చూసుకుని, మూతి ముడిచి, మా నైనా మాదిరే పెదాలు పెద్దగా తెరిచి జవాబిచ్చింది.

"నొప్పిగా ఉండాది అవ్వా."